పఠనపాఠములలోఁ బదబోధనము: ‘ఆగ్రహ’ శబ్దము నిదర్శనముగా

ఏడవ తరగతిలో ఉప్పు సత్యాగ్రహమును గూర్చిన పాఠము జరుగుచున్నదని భావింపవచ్చును. 1930వ సంవత్సరము మార్చి 12వ తేదీన గాంధీమహాత్ముఁడు సబర్మతి యాశ్రమమునుండి బయలుదేఱి కాలినడకను బోయి, ఏప్రిలు 6వ తేదీన దండి సముద్రతీరమున నుప్పు దీసిన కథ యది. ఆ తరగతి బాలుఁడు వెనుకటి యేఁట నొక పురాణకథలో ‘ఆగ్రహము’ అనఁగాఁ ‘గోపము’ అని నేర్చి యున్నాఁడు. సంధిపాఠమును నేర్చియున్నాఁడు. కావున ‘సత్యాగ్రహము’ అను మాటను సత్య, ఆగ్రహ అని సవర్ణదీర్ఘముచే విడఁదీసికొనును. తెలిసిన రెండర్థములను గూర్చుకొనును. వానికి లభించునది ‘సత్యమైన కోపము’.

ఆ బాలుఁ డెచ్చటను దప్పు చేయలేదు. నిఘంటువును దప్పు చెప్పలేదు. తెలుఁగున ఆగ్రహమునకుఁ గోపమనియే ప్రసిద్ధార్థము. ఉపాధ్యాయుఁడు సంధిని సరిగానే బోధించెను. అయినను బాలునకుఁ దోఁచిన యర్థము పాఠమునకుఁ బూర్తిగా విరుద్ధము. కొట్టినను దిరిగి కొట్టకుండుట యే యుద్యమమునకుఁ బ్రాణమో, దానికిఁ గోపమే ప్రాణమని వాఁడు గ్రహించెను. ఒక్క పదమున జాఱినచోఁ బాఠమంతయుఁ దలక్రిందైనది.

పదబోధనమునందలి చిక్కంతయు నీ చిన్న సందర్భమున నిమిడి యున్నది. ఆఱవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకుఁ బఠనపాఠములలోఁ బదముల నెట్లు బోధింపవలెను, ఇప్పటి వాడుకలోని లోప మేమి, పూర్వుల పద్ధతినుండి గ్రహింపఁదగిన దేమి, ఇటీవలి పరిశోధనలు తెల్పిన దేమి యను విషయము లిందు వివరింపఁబడును.

ప్రతిపదార్థపద్ధతి

పాఠశాలలలోఁ బదబోధనము సాధారణముగా మూఁడు పనులతో ముగియును. పాఠమునందలి కఠినపదములను నల్లబల్లపై వ్రాయుట. ఒక్కొక్కదాని యెదుట నొక్క పర్యాయపదమును వ్రాయుట. బాలురు వానిని దమ పుస్తకములలో నెత్తి వ్రాసికొని వల్లించుట. పరీక్షలో ‘అర్థములు వ్రాయుము’ అను ప్రశ్నకుఁ బట్టికలోని మాటయే యుత్తరము. మార్కులు లభించును. వారము గడచిన పిమ్మటఁ బదము మఱపునఁ బడును. మఱవనివాఁడును దానిని దన వాక్యములోఁ బ్రయోగింపఁ జాలఁడు.

ఈ పద్ధతియందు మూఁడు దోషములు గలవు. రెండు పదములనడుమ సమానచిహ్నము నుంచుటచే రెండును సర్వత్ర సమానములను భ్రాంతి కలుగుట మొదటిది. అర్థముగా నిచ్చిన మాటయే మూలపదముకంటెఁ గఠినమగుట రెండవది. ఔదార్యమునకు వదాన్యతయని చెప్పినచోఁ దెలియనిదానికిఁ దెలియనిదే తోడైనది. పద మెట్టి మాటలతోఁ గూడి యే సందర్భమున వచ్చునో చూపకుండుట మూఁడవది. ఈ మూఁడింటిలోఁ గడపటిదియే ప్రబలము.

1987లో జార్జి మిల్లర్, పెట్రీషియా గిల్డియా యను అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు బాలలు పదములను నేర్చు విధమునుగూర్చి వ్రాసిన వ్యాసమున దీనికిఁ దగిన యుదాహరణములు గలవు. తెలియని పదమునకు నిఘంటువులోని యర్థము నిచ్చి దానితో వాక్యము వ్రాయుమనఁగా, బాలు రా యర్థములోఁ దమకుఁ దెలిసిన యొక తునుకను బట్టుకొని వాక్యము లల్లిరి. ప్రవాహము గట్టును గోసివేయుట యను నర్థము గల యాంగ్లపదమును వివరించుచు నిఘంటువు ‘తినివేయుట’కు సంబంధించిన మాటను వాడెను. ఒక విద్యార్థి దానిని బూటకూటిలో భుజించుటగాఁ గ్రహించి, తన కుటుంబము తఱచుగా నా పని చేయునని వ్రాసెను. తెలుఁగున నిట్టిది కాదనుటకు వీలులేదు. ‘ఉపేక్షించు’ననఁగా ‘విడిచిపెట్టు’నని మాత్రమే నేర్చినవాఁడు ‘తమ్ముని బడిలో నుపేక్షించి యింటికి వచ్చితిని’ అని వ్రాయును. పట్టిక ప్రకార మది సరియైన వాక్యమే. పట్టింపవలసిన దానిని బట్టించుకొనకుండుటయే యుపేక్షయని వాని కెవ్వరును జెప్పలేదు.

పూర్వుల పద్ధతి

ఇచ్చట నొక శంక పుట్టవచ్చును. పూర్వకాలమున బాలురు అమరమును వల్లించియే పండితులైరి గదా, అది పర్యాయపదముల పట్టిక గాదా యని. ఇది విచారింపఁదగిన శంక.

అమరసింహుని కోశమునకు నామలింగానుశాసన మని పేరు. మూఁడు కాండములు గల యా గ్రంథ మక్షరక్రమమున నడవదు. స్వర్గవర్గము, వ్యోమవర్గము, దిగ్వర్గము, కాలవర్గము మొదలుగా వస్తుసంబంధమునుబట్టి నడచును. ఆకాశమును జెప్పినవెంటనే దిక్కులు, దిక్కులను జెప్పినవెంటనే కాలము వచ్చును. పదము లొంటరిగా నుండక కుటుంబములుగా నుండును. ఒక్క పదమునకుఁ గల పెక్కర్థములను జెప్పుటకు మూఁడవ కాండమున నానార్థవర్గము ప్రత్యేకముగాఁ గలదు. పైడిపాటి లక్ష్మణకవి యచ్చతెనుఁగు పదములకుఁ గూర్చిన యాంధ్రనామసంగ్రహమును దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థ వర్గములుగా నీ త్రోవనే నడచినది. కావున నమరమును నేర్చిన బాలునకు లభించినవి విడివిడి జంటలు గావు.

అంతకంటె ముఖ్యమైన దింకొకటి కలదు. అమరము చదువునకుఁ బ్రారంభము మాత్రమే. దానివెంటఁ గావ్యపాఠము లుండెడివి. గురువు శ్లోకమునో పద్యమునో చదివించి, పదచ్ఛేదము చేయించి, ఆకాంక్షల నడిగి, అన్వయము కుదిర్చి, తాత్పర్యము చెప్పించెడివాఁడు. ‘ఎవఁడు? ఎట్టివాఁడు? ఏమి చేసెను? దేనిని? ఎందులకు?’ అను ప్రశ్నలతోఁ బ్రతిపదమును దన వాక్యములోని చోటికిఁ జేరెడిది. కోశమునఁ గంఠస్థమైన పదమే రఘువంశమునఁ గనఁబడును, మేఘసందేశమున మఱల నెదురగును. ఏండ్లతరబడి యిట్లు పలుమాఱులు కలిసికొనుటచేతనే పదము సొంతమయ్యెను. నేఁటి పాఠశాల యా పద్ధతిలో వల్లెను మాత్రము నిలుపుకొని, వల్లె దేనికి సాధనమో యా కావ్యపరిచయమును వదలుకొన్నది. సగము నిలిచి సగము పోయిన యా పద్ధతికిఁ బూర్వుల ఫలమును గోరుట న్యాయము గాదు.

నిఘంటుకర్తలును నీ సంగతి నెఱిఁగినవారే. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము 1885లో వెలువడెను. ఆంధ్రసాహిత్యపరిషత్తు 1911లో స్థాపింపఁబడి, 1936లో శ్రీసూర్యరాయాంధ్ర నిఘంటువు ప్రథమసంపుటమును బ్రకటించెను. ఈ కోశములు పదమున కర్థము చెప్పి యూరకుండక, కవిప్రయోగముల నుదాహరించును. అర్థ మొక్కటియే చాలునన్నచోఁ బ్రయోగములను వెదకుట కంత శ్రమ యెందులకు? వాచకముల చివరనుండు పట్టికలు నిఘంటువునుండి యర్థమును దెచ్చుకొని ప్రయోగమును విడిచివచ్చినవి.

పన్నెండుమాఱులు

అమెరికాలోని పిట్స్‌బర్గునందు ఇసబెల్ బెక్, చార్లెస్ పర్ఫెట్టీ, మార్గరెట్ మెకియోన్ అను పరిశోధకులు 1982లోఁ బ్రకటించిన ప్రయోగము పదబోధనమున కొక మేలుమలుపు. వారు నాలుగవ తరగతి బాలలకు 104 పదములను సుమా రైదు నెలలలో బోధించిరి. పదములను భావసంబంధమునుబట్టి చిన్నచిన్న వర్గములుగా విభజించి, వారమున కెనిమిది పది పదముల చొప్పున, ప్రశ్నలు, పోలికలు, సందర్భములు, సొంతవాక్యములు మున్నగు పెక్కు విధములఁ బిల్లలచే వాడించిరి. ఆ బాలలు పదముల యర్థములను జక్కఁగాఁ జెప్పుటయే గాక, ఆ పదములు గల కథలను జదివి గ్రహించుటలోఁ గూడ మెఱుఁగైరి.

ఆ పరిశోధకులే తోడివారితోఁ గూడి 1985లో నింకొక విషయమును బరీక్షించిరి. ఒక పదమును నాలుగుమాఱులు మాత్రమే కలిసికొన్న బాలలకు దాని యర్థము తెలిసెను గాని, కథను గ్రహించుటలో నది తోడ్పడలేదు. పన్నెండుమాఱులు కలిసికొన్న పదములు మాత్రము తోడ్పడెను. అర్థ మెఱుఁగుట వేఱు, చదువునప్పు డా పదము తడఁబాటు లేక మనసునకుఁ దట్టుట వేఱు. మొదటిది స్వల్పశ్రమచేఁ గలుగును. రెండవది సాహచర్యముచేఁ గలుగును. ఈ ప్రయోగము లాంగ్లభాషకు సంబంధించినవే యైనను, కావ్యపాఠములచే మన పూర్వులు సాధించినదియు నిదియే యని పండితులు గుర్తింపఁగలరు.

పదముల యెన్నిక

పన్నెండుమాఱులు కలిసికొనవలెనన్నచోఁ బదములు కొలఁదిగా నుండవలెను. ఏ పదముల నెన్నుకొనవలెననుట తరువాతి ప్రశ్న. బెక్, మెకియోన్, లిండా కూకన్ అనువారు 2002లోఁ బ్రకటించిన గ్రంథమునఁ బదములను మూఁడు శ్రేణులుగాఁ జెప్పిరి. ఆ విభాగమును దెలుఁగున కన్వయించినచో నిట్లుండును.

ఇల్లు, నీరు, నడచు, నవ్వు మొదలగునవి మొదటి శ్రేణి. ఇవి తల్లియొడిలోనే వచ్చును, బోధింపఁ బనిలేదు. అక్షాంశము, హారము, కిరణజన్యసంయోగక్రియ మొదలగునవి మూఁడవ శ్రేణి. ఇవి యాయా శాస్త్రములకుఁ జెందినవి. ఆ శాస్త్రమును బోధించునపుడు వస్తువుతోడనే తెలియును. నడుమ నున్నవి సంకోచము, ఉపేక్ష, నిగ్రహము, ఔదార్యము, తటస్థత, ఆక్షేపించు, సమర్థించు, పర్యవసానము, పరిణామము వంటివి. ఇవి కథలో వచ్చును, చరిత్రలో వచ్చును, సామాన్యశాస్త్రములో వచ్చును, వార్తాపత్రికలో వచ్చును. ఇంటిలో మాత్రము తఱచుగా వినఁబడవు.

ఈ నడిమిశ్రేణియే యుపేక్షింపఁబడుచున్నది. చరిత్రోపాధ్యాయుఁ డది తెలుఁగు పండితుని పని యనుకొనును. తెలుఁగు పండితుఁడు పద్యములోని యప్రసిద్ధపదములపై శ్రమపడుచు, వచనములోని యీ పదములు తేలికయే యని దాఁటిపోవును. పండితుని యింటఁ బుట్టిన బాలునకు, పత్రిక చదువు తండ్రి గల బాలికకు నివి చెవిని బడుచునే యుండును. పుస్తకభాష యింటిలో లేని బిడ్డకు బడి తప్ప వేఱు గతి లేదు. ఆ బిడ్డ పరీక్షలలో వెనుకఁబడినప్పుడు తెలివి చాలదని తీర్పు చెప్పుచున్నారు. నిజమునకుఁ జాలనిది మాటల పరిచయము. పదబోధనమునందలి యన్యాయ మంతయు నిచ్చటనే కలదు.

నడిమిశ్రేణి యనఁగాఁ దత్సమములే యని తలఁపరాదు. తెగువ, పూనిక, కినుక, ఎడఁబాటు, ఓరిమి వంటి దేశ్యపదములును నీ శ్రేణిలోనివే. వాచకములలోని భాష గ్రాంథికమునుండి వ్యావహారికమునకు మాఱుటచేఁ గ్రియారూపములు తేలికపడినవి. కాని యుపేక్షించె నన్నను, ఉపేక్షించాఁ డన్నను ఉపేక్షయనఁగా నేమో బాలునకుఁ దెలియవలసియే యున్నది.

ఆగ్రహపదముతో నొక పాఠము

ఇఁక మొదటి యుదాహరణమునకు మఱలఁదగును. సత్యాగ్రహపాఠమున ఆగ్రహశబ్దము నెట్లు బోధింపవలెను?

మొదటి దినమునఁ బాఠము నంతయు నాఁగకుండఁ జదువవలెను. పదార్థములతోఁ బాఠ మారంభించుట కథారుచిని జెఱచును. చదివిన పిమ్మటఁ గథలోని యొక ఘట్టమును జూపి ప్రశ్నింపవలెను: దండి కేఁగినవారు కోపముతో నుప్పు దీసిరా? కొట్టువారిని గొట్టిరా? లేదని బాలలే చెప్పుదురు. అయినచో నీ పేరులో ఆగ్రహ మెందులకు వచ్చినది? ఈ విరోధము బాలల మనసునఁ దోఁచిననాఁడే బోధనమునకు నేల పదునైనది.

అప్పుడు పదము పుట్టినకథను జెప్పవలెను. 1906లో దక్షిణాఫ్రికాయందలి ట్రాన్స్‌వాలులో భారతీయు లన్యాయమైన చట్టమునకు లోఁబడమని పూనిరి. ఆ యుద్యమమునకు మొదట ‘పాసివ్ రెసిస్టెన్సు’ అను నాంగ్లనామము వాడుకలో నుండెను. ఆ పేరు దుర్బలుల యాయుధ మను నపోహకుఁ జోటిచ్చుచున్నదని గాంధి తలఁచి, ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికలో బహుమానము ప్రకటించి తగిన పేరును గోరెను. మగన్‌లాల్ గాంధి ‘సదాగ్రహము’ అని సూచింపఁగా, దానిని గాంధి ‘సత్యాగ్రహము’గా మార్చెను. పేరు సరిపడకున్నచో జనులు పనినే యపార్థము చేసికొందురని యంత శ్రద్ధతో నెన్నుకొన్న పద మది. సంస్కృతమున ఆగ్రహ మనఁగా గట్టిగాఁ బట్టుకొనుట, పట్టుదల. హిందీ, మరాఠీ భాషలలో నేఁటికిని బట్టుదల, ఒత్తి కోరుట యను నర్థములే కలవు. పట్టుదల తీవ్రమై కోపముగాఁ బరిణమించుట లోకసిద్ధము గావున, తెలుఁగున నర్థ మట్లు జరిగియుండు నని యూహింపవచ్చును. ఇంత చెప్పిన తరువాత నర్థము నొక్క మాటతోఁ గాక యొక వాక్యముతోఁ జెప్పవలెను: సత్యమని నమ్మినదానిని ఎవ్వరు బాధించినను విడువకుండుట సత్యాగ్రహము.

రెండవ దినమునఁ గుటుంబమును జూపవలెను. ‘గ్రహ్’ ధాతువునకుఁ బట్టుకొనుట యర్థము. ఉపసర్గ ముందు చేరి ధాతువును వేఱువేఱు త్రోవలకుఁ గొంపోవును. అణఁచి పట్టుట నిగ్రహము. దయతోఁ జేపట్టుట యనుగ్రహము. చెదరినదానిని గూర్చి పట్టుట సంగ్రహము. స్వీకరించుట పరిగ్రహము; అక్కఱకు మించి కూడఁబెట్టకుండుట యపరిగ్రహము. విగ్రహ మనఁగాఁ బ్రతిమయని మాత్రమే యెఱిఁగిన బాలునకు వ్యాకరణములోని విగ్రహవాక్యము వింతగాఁ దోఁచును. అచ్చట విగ్రహ మనఁగా సమాసమును విడఁదీసి చూపుట. సంధివిగ్రహములు రాజనీతి యన్నప్పు డదియే యుద్ధము. చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభ మిత్రభేదములను రచింపఁగాఁ, దరువాతి సంధివిగ్రహములను వీరేశలింగము రచించెనని చెప్పునప్పు డీ యర్థ మక్కఱకు వచ్చును. ‘గ్రంథము’, ‘గ్రామము’ అనునవి చూపునకుఁ బోలికగా నున్నను నీ కుటుంబములోనివి కావని హెచ్చరింపవలెను. అక్షరసామ్యమును జూచి చుట్టఱికము కలుపుట బాలలకే గాదు, పెద్దలకును సులభముగా నబ్బు దోషము.

మూఁడవ దినమునఁ బదములను దమలోఁ దాము మాటాడింపవలెను. ‘ఆగ్రహించి కొట్టువాఁడు సత్యాగ్రహి యగునా?’ ‘నిగ్రహము లేనివాఁడు సత్యాగ్రహము చేయఁగలఁడా?’ ‘ఒకనిపై ననుగ్రహమును, ఆగ్రహమును నొక్కదినముననే కలుగవచ్చునా? ఎట్లు?’ ఇట్టి ప్రశ్నలకు ఔననియో కాదనియో చెప్పిన మాత్రమునఁ జాలదు, కారణము చెప్పవలెను. కారణము చెప్పుటలోఁ బదము వాని నోట నాలుగుమాఱులు పలుకును. నాలుగవ దినమున బాలలు తమ యింటిలోఁ గాని యూరిలోఁ గాని యొకరు నిగ్రహము చూపిన సందర్భమును నాలుగు వాక్యములలో వ్రాయవలెను. పిమ్మటి వారములలోఁ జరిత్రపాఠమునందో, వేమననుగూర్చిన పాఠమునందో యా పదము మఱల వచ్చినప్పుడు గుర్తించినవారు చెప్పవలెను. ఇట్లు పన్నెండుమాఱులు కలియుట కష్టము గాదు.

పర్యాయములలోని భేదము

కోపమునకుఁ బర్యాయములు వ్రాయుమన్నచో బాలుఁడు క్రోధము, రోషము, ఆగ్రహము, కినుక, అలుక యని వ్రాసి ముగించును. పర్యాయములను నేర్పుట తప్పుగాదు; భేదమును నేర్పకుండుట తప్పు. అలుక ప్రేమ గలచోటనే పుట్టును. సత్యభామ యలుక యందురు గాని శత్రువు లలిగిరనుట యరుదు. రోషము పౌరుషముతోఁ గూడినది. ‘రోషము గలవాఁడు’ అనుట మెప్పు. క్రోధ మరిషడ్వర్గములోనిది, దానిని మెచ్చువారు లేరు. ఆగ్రహము పెద్దలకుఁ, బ్రభువులకుఁ, దేవతలకుఁ జెందినది. ముని యాగ్రహించును, ఱే డాగ్రహించును, పాలకై యేడ్చు పసిపాప యాగ్రహింపదు. తరగతిలో నైదు సందర్భములను జెప్పి యేది యలుక, ఏది రోషము, ఏది యాగ్రహమని యడిగినచో బాలలు వాదములాడుదురు. ఆ వాదమే పదజ్ఞానము.

తత్సమతద్భవముల జంటలయందును నిట్టి భేదములు గలవు. దృష్టి, దిష్టి యొకే మాట. కాని దిష్టి తగిలె ననుటకు దృష్టి తగిలె ననరు. యాత్ర, జాతర యొకే మాట. కాని కాశికిఁ బోవుట యాత్ర, గ్రామదేవతకుఁ జేయునది జాతర. శిక్ష యనఁగా దండన మని మాత్రమెఱిఁగిన బాలునకుఁ ‘బెద్దబాలశిక్ష’ యను పేరు భయమును గలిగించును. శిక్షకు నేర్పుట యను నర్థము గలదని చెప్పిన పిమ్మట ‘శిక్షణము’ దానంతటఁ దెలియును. ప్రకృతివికృతుల పట్టికను వల్లింపఁజేయుటకంటె నిట్టి రెండు జంటలను విచారించుట యధికఫలదాయకము.

బిడ్డలు తెచ్చు మాటలు

పుస్తకభాష లేని యింటిబిడ్డ మాటలులేనివాఁడని భ్రమపడరాదు. సేద్యగాని కుమారుఁడు పదును, అదను, పాటు, దుక్కి మొదలగు మాటలను బండితునికంటె నెక్కువగా నెఱుఁగును. సాలెవాని కుమార్తె పడుగు, పేకలను జేతులతో నెఱుఁగును. ఈ పదసంపద గణనీయమని యెఱిఁగియే యాంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి మాండలికవృత్తిపదకోశములను బ్రకటించెను. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున వ్యవసాయపదములు 1962లోను, చేనేతపదములు 1971లోను వెలువడెను.

ఈ మాటలు తరగతిలో సోపానములు. నేలకుఁ బదునున్నది, కత్తికిఁ బదునున్నది, మాటకుఁ బదునున్నది. తడి సమముగా నుండి విత్తుటకుఁ దగిన స్థితి నేలకుఁ బదునని సేద్యగాని కుమారుఁడు తరగతికిఁ జెప్పఁగలఁడు. ‘పదునైన మాట’ యన్నప్పు డా గుణము మాట కెట్లు వచ్చెనో విచారించినచో, రూపకమను నలంకారము వానికి లక్షణము చదువక మునుపే బోధపడును. ఇంటిమాటను దక్కువగాఁ జూచు తరగతిలో బిడ్డ నోరు మూసికొనును. నోరు మూసికొన్నవానికిఁ గ్రొత్త మాట యంటదు.

ఆక్షేపములు, సమాధానములు

ఇట్లు బోధించుటకుఁ గాలము చాలదని యొక యాక్షేపము. పాఠమునకుఁ బదునాఱు పదములను వల్లింపించుటకును, నాలుగు పదములను సొంతము చేయుటకును బట్టుకాలమునఁ బెద్ద భేదము లేదు. వల్లించిన పదునాఱు వారమున మఱపునఁ బడుచుండఁగా, నాలుగు నిలిచినచో నదియే లాభము. పద్యమున కావశ్యకమైన ప్రతిపదార్థ ముండవచ్చును. దానిని జదువుటకుఁ దోడుగా నుంచుకొని, వల్లింపవలసిన భారముగాఁ జేయకుండుటయే కోరఁదగినది.

పదములు లెక్కకు మిక్కిలి, కొన్నింటిని బోధించినంత నేమగునని యింకొక యాక్షేపము. విలియం నాగీ, రిచర్డ్ ఆండర్సన్ అనువారు 1984లో అమెరికాలో మూఁడవ తరగతి మొదలు తొమ్మిదవ తరగతి వఱకుఁ గల బడిపుస్తకముల యచ్చుభాషలో సుమారు 88,500 పదకుటుంబము లున్నవని గణించిరి. అన్నింటిని బోధించుట యెవ్వరికిని సాధ్యము గాదు. విస్తారముగాఁ జదువుటచేతనే పెక్కు పదములు వచ్చును. అయిన నొక్కమాఱు చదివినంత నొక పద మబ్బు నవకాశము స్వల్పమని 1985లో వారే చూపిరి. కావున నెన్నుకొన్న పదములను నిండుగా బోధించుటయుఁ, దక్కినవానికై పుస్తకములను జేతి కందించుటయు రెండును గావలసినవే. నిండుగా బోధింపఁబడిన పదము తన వెంట నింకఁ గొన్నింటిని దెచ్చును. ఇరువదిరెండుపసర్గలలో నైదాఱింటి స్వభావమును, పదిధాతువుల యర్థమును నెఱిఁగిన బాలుఁడు తానెన్నఁడును వినని పదము నెదుర్కొన్నప్పుడు జంకక విడఁదీసి చూచును. చూచి, ఆ యర్థము సందర్భమునకుఁ గుదురునా యని పరీక్షించుటయు వానికి నేర్పవలెను. సత్యాగ్రహమును విడఁదీసిన బాలునకుఁ గొఱఁతవడిన దా పరీక్షయే.

పరీక్షలో మార్కులు పట్టికకే గదా యనునది కడపటి యాక్షేపము. ఇది నిజము; కావుననే పరీక్షయు మాఱవలెను. ‘ఆగ్రహమునకు నర్థము వ్రాయుము’ అనుటకు మాఱుగా, ‘ముని యాగ్రహించెను, గాంధి సత్యాగ్రహము చేసెను అను రెండు వాక్యములలో నాగ్రహశబ్దమున కర్థభేద మేమి?’ యని యడుగవచ్చును. ఉత్తరము రెండు పంక్తులే. వల్లించినవాఁడు చెప్పలేఁడు, తెలిసినవాఁడు చెప్పఁగలఁడు. ప్రశ్నపత్రములను గూర్చువారు, వాచకముల చివరఁ బట్టికలను గూర్చువారు, పాఠశాలాపండితులు నీ విషయమున నేకాభిప్రాయమునకు వచ్చినచో మార్గము సుగమమగును. పట్టికలోఁ బ్రతిపదమునకు నర్థముతోపాటు రెండు తేలిక వాక్యములను జేర్చుట వెంటనే చేయఁదగిన పని. దానికి ధనవ్యయము లేదు, కావలసినది శ్రద్ధ. ఆ శ్రద్ధ కలిగిన నాఁడు ఏడవ తరగతి బాలుఁడు దండియాత్రను జదివి, కోప మెఱుఁగని యాగ్రహ మొకటి యున్నదని తెలిసికొని పుస్తకము మూయును.